అడవినేల జమాఖర్చు



మా అమ్మమ్మగారి వంటయింట ఒక కట్టుబాటుండెడిది. కళాయి చెదరిన ఇత్తడిగిన్నెలో నీళ్లు కాచుకొనవచ్చును, బియ్యము కడుగవచ్చును; కాని చింతపండు పులుసు మాత్రము పొఱపాటుననైనను కాచరాదు. క్రొత్తగా కాపురమునకు వచ్చిన మా అత్త ఒకమాఱు తెలియక కాచినది. పులుసు అంచున పచ్చని కిలుము తేలి, నోట పెట్టుకొన్నవారికెల్ల వికారము పుట్టినది. కళాయివాడు వీధిలోనికి వచ్చి, కొలిమితిత్తి దింపి, గిన్నె కాల్చి, నవాసాగరముతో తుడిచి, తగరము పూసి యిచ్చువఱకు ఆ గిన్నె మరల అటక దిగలేదు. పలుచని ఆ తగరపు పూతయే పులుపునకును లోహమునకును నడుమ అడ్డు. అది యున్నంతకాలము గిన్నె చెక్కు చెదరదు. అది పోయిననాడు లోహమే పులుసులో కలియును.

నేటి నా ప్రసంగము అడవినేలను గూర్చినది. వంటయింటితో మొదలుపెట్టితినేమని మీకు తోచవచ్చును. ఆ నేలకును కళాయివంటి పూత యొకటి కలదు. పులుసువంటి వాన నూఱేండ్లు కురియగా ఆ పూత అరిగిపోయినది. తరువాత దేశములు మేల్కొని, చట్టములు చేసి, వానలోని పులుపును తగ్గించినవి. వాన బాగుపడినది సరే, పూత మరల ఎన్నాళ్లకు వచ్చును? ఈ ప్రశ్నకు కాగితము పెన్సిలు పట్టి, పిదప కంప్యూటరు పట్టి, లెక్కలు కట్టినవారి కథను నిలయమువారు నాకిచ్చిన వ్యవధిలో విన్నవింతును.

వానలో పులుపున్నదన్న మాట క్రొత్తది కాదు. ఇంగ్లండునందు రాబర్ట్ ఆంగస్ స్మిత్ అను రసాయనవేత్త 1852లోనే మాంచెస్టరు పరిసరముల వాననీటిని పరీక్షించి, బొగ్గుపొగకును ఆ నీటి పులుపునకును గల సంబంధమును ప్రకటించెను. 1872లో అచ్చయిన గ్రంథమున ఆమ్లవర్షమను మాటనే వాడెను. అటుపిమ్మట సుమారు నూఱేండ్లు ఆ మాటను లోకము అంతగా పట్టించుకొనలేదు. పట్టణములలో పొగ కమ్మి జనులు ఉక్కిరిబిక్కిరి యైనప్పుడు ఏలికలకు తోచిన చికిత్స పొగగొట్టములను ఇంకను ఎత్తుగా కట్టించుట. పొగ కన్నులయెదుటినుండి తొలగినది, ఊరునుండి తొలగినది, దేశమునుండియు తొలగినది. తొలగి పొరుగువాని పెరటిలో పడినది. 1967లో స్వాంటె ఓదేన్ అను స్వీడను మృత్తికావేత్త, తమ చెఱువులను పులియబెట్టుచున్నది పరదేశముల గంధకమేయని ఒక దినపత్రికలో వ్రాసి గగ్గోలు పుట్టించెను. 1972లో స్టాక్‌హోం మహాసభయందు స్వీడను ఆ ఫిర్యాదును ప్రపంచము ముందుంచినది.

ఇచట కొలబద్దను గూర్చి ఒక్క మాట. పులుపును పీహెచ్ అను అంకెతో కొలుతురు. గాలిలోని బొగ్గుపులుసుగాలి కొంత కరగుటచేత ఎంత స్వచ్ఛమైన వాననీటికైనను ఆ అంకె 5.6 ప్రాంతమున ఉండును. అంకె తగ్గినకొలది పులుపు హెచ్చును. అదియు మెట్టుమెట్టునకు పదిరెట్లు చొప్పున.

అమెరికా ఈశాన్యమున, న్యూ హాంప్‌షైరు రాష్ట్రములో, వైట్ మౌంటెన్స్ అను కొండలనడుమ హబ్బర్డ్ బ్రూక్ అను వాగు పాఱుచున్నది. ఆ వాగు చుట్టునున్న అడవిని అమెరికా అటవీశాఖ 1955లో పరిశోధనారణ్యముగా ఏర్పఱచినది. 1963లో జీన్ లైకెన్స్, హెర్బర్ట్ బోర్మన్, నోయ్ జాన్సన్ అను ముగ్గురు పండితులును, అటవీశాఖకు చెందిన రాబర్ట్ పియర్సును కలిసి అక్కడ ఒక పని మొదలుపెట్టిరి. వారి యూహ వినుటకు సులభము. ఆ కొండలలో చిన్నచిన్న లోయలున్నవి. ప్రతి లోయకును తన వాగు తనకున్నది. అడుగున నీరు చొరని గట్టి రాయి. కనుక లోయలోనికి వచ్చునది వానగాను మంచుగాను వచ్చును, పోవు నీరు ఆవిరిగా పోవును, లేక వాగులో పోవును; నడుమ దొంగదారి లేదు. వచ్చిన నీటిని కొలిచి, పోయిన నీటిని కొలిచి, రెంటిలోను కరగియున్న పదార్థములను తూచినచో, అడవి లోలోపల ఏమి దాచినదో ఏమి కోల్పోయినదో తేలిపోవును.

ఆ కొలుచు చోటు చూడదగినది. వాగు దిగువను కాంక్రీటుతో కట్టిన చిన్న తొట్టి. తొట్టి ముందరి గోడకు ఒక లోహపుపలక. పలకలో తలక్రిందులైన త్రిభుజమువంటి గండి. ఎండకాలమున ఆ గండి కొనలోనుండి నీరు సన్నని దారమువలె జాఱును. వసంతమున మంచు కరగునప్పుడు గండి నిండి పొర్లును. గండిలో నీటిమట్టమెంతో తెలిసిన, ఎంత నీరు పోవుచున్నదో తెలియును. మన చెఱువుతూము కడ కూర్చుండు నీరుగంటివానికి ఈ విద్య చెప్పనక్కఱలేదు. వారమునకొక్కమాఱు మనిషి అక్కడకు నడచిపోయి సీసా నింపుకొని రావలెను. మహాశాస్త్రమంతయు చివరకు ఆ సీసాయే.

వారు పులుపువానను వెదకుచు పోలేదు. 1963లో పట్టిన వాననీటిలో పీహెచ్ 3.7 అని కనబడగా తెల్లబోయిరి. స్వచ్ఛమైన వానకంటె అది సుమారు ఎనుబదిరెట్ల పులుపు. దగ్గఱలో పెద్ద కర్మాగారము లేదు. గాలివాలున బహుదూరముననున్న బొగ్గువిద్యుత్కేంద్రములే అందులకు కారణమని తేలుటకు కొన్నేండ్లు పట్టెను. 1974లో లైకెన్సును బోర్మనును ఆ సంగతిని శాస్త్రలోకమునకు గట్టిగా చాటిరి.

ఇక నేలలోనికి దిగుదము. బంకమన్ను రేణువులకును, ఆకులు కుళ్లి యేర్పడిన నల్లని మెత్తనకును ఋణవిద్యుదావేశముండును. ధనావేశముగల అయానులు కూర్చుండుటకు అవి పీటలవంటివి. భోజనపంక్తిలో వేసిన పీటలపై కాల్షియము, మెగ్నీషియము, పొటాషియము, సోడియము అను క్షారజాతివారు ఆసీనులై యుందురు. చెట్టు తన వేరును చాచి, ఉదజనిని బదులిచ్చి, తనకు కావలసిన కాల్షియమును పీటనుండి లేపి తీసికొనును. ఆకు రాలి కుళ్లినప్పుడు మరల నేలకిచ్చును. మొత్తము పీటలలో క్షారజాతివారు నూటికి ఎన్నింట ఉన్నారో ఆ లెక్కకు క్షారసంతృప్తి యని పేరు. నేలకు కళాయి యంటినే, అది యిదియే.

పులుపువానతో గంధకికామ్లము, నత్రికామ్లము వచ్చిపడును. వానిలోని ఉదజని గుంపుగా వచ్చి పీటలమీదివారిని లేపును. లేచిన కాల్షియము ఆ చుట్టుపట్లనే తిరుగాడుచుండిన మరల అవకాశము చిక్కినప్పుడు కూర్చుండెడిదే. కాని ఆమ్లముతోపాటు వచ్చిన సల్ఫేటు దానిని నిలువనీయదు. ఋణావేశముగల సల్ఫేటు నీటితో వాగులోనికి పోవలెనన్న ఒంటరిగా పోజాలదు. నీటిలో ధనఋణావేశములు ఎప్పుడును సరితూగవలెనన్నది ప్రకృతిశాసనము. సంతనుండి ఊరికి మరలు బండి వట్టిగా పోదన్నట్లు, సల్ఫేటు పోవుచు పోవుచు దొరికిన కాల్షియమును ఎక్కించుకొని పోవును. అడుగున రాయి శిథిలమగుచు క్రొత్త కాల్షియమును విడుచుచునే యుండును. కాని గ్రానైటువంటి కఠినశిలలున్న కొండలలో ఆ విడుదల బహుమందము. పోవు బండ్లు పెక్కు, వచ్చు బండ్లు కొన్ని.

క్షారసంతృప్తి నూటికి ఇరువదికి దిగువగా, పదునైదు ప్రాంతమునకు పడిపోయిననాడు, మన ఇండ్లలో సత్తుగిన్నెలను చేయు అల్యూమినియము రంగమునకు వచ్చును. భూమిపొరలో నూటికి ఎనిమిది పాళ్లు అదియే; కాని ఖనిజములలో బిగిసి యున్నంతకాలము నిరపాయకరము. పులుపునీరు దానిని కరగించి వదలినచో, అది వేరుల కొనలను కాల్చినట్లు చేసి, చెట్టునకు కాల్షియము అందకుండ అడ్డుపడును. వాగులో దిగి చేపల మొప్పలకు పట్టి ఊపిరి తీయనీయదు. మా అత్త కాచిన పులుసులోని కిలుమునకు ఇది పెద్దన్న.

ఇంతవఱకు జరిగినదానిని చెప్పుట. జరుగబోవునది చెప్పవలెనన్న లెక్క కావలెను, ఆ లెక్కకే గణితనమూనా యని పేరు. పేరునకు భయపడనక్కఱలేదు. గ్రామకరణము చిట్టా వ్రాయు పద్ధతి యెఱిగినవారికి ఇది పాత విద్యయే. జమవైపున వానతోను ధూళితోను వచ్చిన కాల్షియము, రాయి విడిచిన కాల్షియము; ఖర్చువైపున వాగు కొనిపోయినది, పెరుగుచున్న చెట్టు తన మ్రానులో దాచుకొన్నది; తేడా నిలువ, అనగా పీటలమీద కూర్చున్నది. ఇట్లే సల్ఫేటునకొక పద్దు, మెగ్నీషియమునకొక పద్దు. ఈ పద్దులన్నింటిని రెండుమూడు రసాయననియమములు కలుపును: నీటిలో ఆవేశములు సరితూగవలెను, పీటలపైనున్నవారికిని నీటిలోనున్నవారికిని ఒక నిష్పత్తి యుండవలెను, పులుపు హెచ్చినకొలది అల్యూమినియము ఇంతింత కరగవలెను. ఒక సంవత్సరపు నిలువను మరుసటి సంవత్సరపు తొలి పద్దుగా వేసి, ఏడాది తరువాత ఏడాది నడుపుచు పోవుటయే నమూనాను నడుపుట.

1985లో వర్జీనియా విశ్వవిద్యాలయమునకు చెందిన కాస్బీ, హార్న్‌బెర్గర్, గాలొవే అనువారును, నార్వే జలపరిశోధనసంస్థలోని రిచర్డ్ రైటును కలిసి ఇట్టి నమూనా నొకదానిని ప్రకటించిరి. దాని పొడుగాటి ఆంగ్లనామపు మొదటి అక్షరములను కూర్చగా మ్యాజిక్ అను మాట యేర్పడినది, అనగా గారడి. ఈ పేరు నాకు అంతగా రుచింపలేదు. గారడివాని విద్యకు సంచి మూసియుండుట ప్రాణము. ఈ విద్యకు సంచి తెఱచి అందఱికిని చూపుటయే ప్రాణము. ఇంకొక విశేషమేమనగా, అది లోయనంతటిని ఒకటి రెండు గంపల మన్నుగా భావించును. కాలు తీసి కాలు పెట్టినచో మాఱిపోవు అడవినేలను ఒక్క గంపలో పోసితిరేమని మృత్తికావేత్తలు మొదట నొసలు ముడిచిరి. ఐనను వాగు ఆ భేదములన్నింటిని తనలో కలుపుకొనియే గండికడకు వచ్చును కనుక, వాగును చెప్పుటకు ఆ గంపయే చాలవఱకు సరిపోయినది. చార్లెస్ డ్రిస్కాల్ మొదలగువారు పిదప హబ్బర్డ్ బ్రూకునకు కూర్చిన నమూనా ఇంతకంటె దిట్టమైనది. అందు చెట్ల పెరుగుదల, ఆకురాలుట, ఆవిరిపోవుట కూడ లెక్కకు వచ్చినవి.

అసలు చిక్కు వేఱొకచోట నున్నది. నేటి నిలువ గొయ్యి త్రవ్వి మన్ను తీసి పరీక్షించినచో తెలియును. నూటయేబది యేండ్లనాటి నిలువ ఎవ్వరికిని తెలియదు. రాయి ఏటేట ఎంత విడుచునో సూటిగా కొలుచు సాధనమును లేదు. కనుక వీరు చేయు పని యేమనగా, బొగ్గువాడకపు చరిత్రనుబట్టి గడచిన కాలపు వానపులుపును ఊహించి, రాయి యిచ్చునదియు తొలి నిలువయు ఇంతయని అనుకొని, లెక్కను 1850 ప్రాంతమునుండి నేటివఱకు నడిపి, చివర తేలినది నేటి మట్టితోను నేటి వాగునీటితోను సరిపోవునా యని చూచుట. సరిపోకున్న అనుకొన్న అంకెలను సవరించి మరల మొదటినుండి నడుపుట. ఇక్కడ జాగ్రత్త కావలెను. జమాబందికి వచ్చిన అధికారి, నిలువ సరిపోయినంతమాత్రమున కరణము లెక్క నిజమని నమ్మడు. రెండు తప్పులు ఒకదానినొకటి కొట్టుకొని కూడ నిలువ సరిపోవును. రాయి ఎక్కువ యిచ్చినదనుకొని తొలి నిలువ తక్కువనుకొన్నను, అది తక్కువ యిచ్చినదనుకొని ఇది యెక్కువనుకొన్నను, నేటి అంకె ఒకటే రావచ్చును. రేపటి అంకె మాత్రము వేఱగును. అందుచేత బుద్ధిమంతులు ఒక్క చిట్టాతో తృప్తిపడక, నమ్మదగిన అంకెలన్నింటితో పెక్కు చిట్టాలు వ్రాసి, భవిష్యత్తును ఒక గీతగా గాక, ఒక పట్టీగా చూపుదురు. ఆ పట్టీ వెడల్పుగా నున్నదని విసుగుకొనువారు కలరు. నాకైతే సన్నని గీత చూపువానిమీదనే అనుమానము.

ఇట్టి లెక్కను పరీక్షించుటకు నార్వేవారు చేసిన పని విన్నప్పుడు నాకు మన పెండ్లిపందిళ్లు జ్ఞప్తికి వచ్చినవి. ఆ దేశపు దక్షిణమున రిస్‌డల్స్‌హేయా అనుచోట, 860 చదరపు మీటర్ల చిన్న పరీవాహకమునకు, చెట్టుచేమలతో సహా, వెలుతురు చొచ్చు కప్పు వేసిరి. పులుపువాన కప్పుపై పడి ప్రక్కకు పోయెడిది. దాని నీటిలోని ఆమ్లమును తీసివేసి, సముద్రపుగాలితో సహజముగా వచ్చు ఉప్పును మాత్రము కలిపి, కప్పుక్రింద జల్లుగా కురిపించిరి. దేశములన్నియు కర్మాగారములను నేడే మూసివేసినచో నేల యేమి చేయునో చూచుటకు, 1984లో ఆ గుప్పెడు నేలకు ముందుగానే మంచిరోజులు తెచ్చిపెట్టిరన్నమాట. ఊరక కప్పు వేయుటచేతనే మార్పు వచ్చినదందురేమోయని ప్రక్కనే ఇంకొక కప్పు వేసి, దానిక్రింద అదే పులుపునీటిని కురిపించిరి. శుభ్రమైన వాన కురిసిన నేలనుండి సల్ఫేటును నైట్రేటును వేగముగా తగ్గిపోయినవి; పులుపు మాత్రము అంత వేగముగా తగ్గలేదు. బండ్లు తగ్గుటచేత కాల్షియము పోవుటయు తగ్గినది; ఆకుకుళ్లునుండి పుట్టు సేంద్రియామ్లములు ఖాళీయైన చోటును కొంత పూరించినవి.

ఇంతలో రాజ్యములు కదలినవి. 1979లో జెనీవాయందు దూరప్రయాణముచేయు వాయుమాలిన్యమును గూర్చిన ఒడంబడిక. 1985లో హెల్సింకియందు, 1980నాటి గంధకోద్గారములో నూటికి 30 పాళ్లు తగ్గింతుమన్న ఒప్పందము. అందఱును 30 అనుట పన్నువేయువాని న్యాయమే గాని వైద్యుని న్యాయము కాదు. సున్నపురాతి నేల ఎంత పులుపునైనను మ్రింగి త్రేన్చును. గ్రానైటునేల కొంచెమునకే కూలబడును. కనుక ఏ నేల యెంత భారమును హానిలేక మోయునో ఆ హద్దును లెక్కించి, దానిని మించిన చోట కోత హెచ్చించుట 1994లో ఓస్లో ఒప్పందముతో మొదలైనది. వియన్నాకు సమీపమున లాక్సెన్‌బర్గులోని అంతర్జాతీయ సంస్థలో సిద్ధమైన రెయిన్స్ అను నమూనాను దౌత్యవేత్తలు బల్లమీద పెట్టుకొని బేరమాడిరి. ఐతే హద్దు లెక్క ఎంత యను ప్రశ్నకే జవాబు చెప్పును. హద్దుకు లోపలికి వచ్చిన తరువాత నేల ఎప్పుడు కోలుకొనునని యడిగిన, చిట్టా నడిపిన నమూనాయే చెప్పవలెను. రోగికి పథ్యమేమో తెలియుట వేఱు, లేచి తిరుగు దినము తెలియుట వేఱు.

జోస్యములు తప్పినవియు కలవు. 1980 ప్రాంతమున జర్మనీలో అడవులన్నియు త్వరలో చచ్చిపోవునన్న భయము దేశమంతట వ్యాపించినది. జర్మనీ, చెకొస్లొవేకియా, పోలండు దేశములు కలియు సరిహద్దుకొండలపై, లిగ్నైటుపొగ వాతబడి, స్ప్రూసు అడవులు నిజముగానే గుట్టలకు గుట్టలు మాడిపోయినవి. కాని తక్కిన జర్మనీ యడవి అట్లు చావలేదు. నేల లోలోపల బీదపడుట నిజము. ఆ బీదతనము చెట్టుచావుగా మాఱుటకు కఱవో, పురుగో, తీవ్రమైన చలియో తోడు కావలెను. మన్ను లెక్క తెలిసినవారు చెట్టు ఆయుర్దాయము కూడ చెప్పబూనుటయే అచ్చటి పొఱపాటు.

అమెరికాలో 1990 చట్టసవరణ, 1980నాటికంటె ఏటికి కోటి టన్నుల గంధకవాయువును తగ్గింపవలెనని శాసించినది. 1995నుండి కోత మొదలైనది. ఇది గట్టిగా అమలైన చట్టమని ఒప్పుకొనక తప్పదు. మూడు దశాబ్దములలో విద్యుత్కేంద్రములు వదలు ఆ వాయువు నూటికి తొంబదికి పైగా తరిగినది. ఐనను 1996లో లైకెన్సు, డ్రిస్కాల్, బూసో అను మువ్వురు ముప్పదియేండ్ల చిట్టాను ముందుంచుకొని, వాగులో సల్ఫేటు తగ్గుచున్నను వాగు పులుపు తగినట్లు తగ్గలేదని చూపిరి. నేల తన పాత నిలువను చాలవఱకు పోగొట్టుకొన్నది. ఇప్పుడు వచ్చు కొంచెము పులుపును అణచుటకు కూడ దానికి సత్తువ లేదు. పైపెచ్చు ఒక విడ్డూరము. పొగగొట్టములకు జల్లెడలు కట్టి, బాటలకు తారు వేసి, ధూళిని అణచినప్పుడు, ఆ ధూళితో వాలి వచ్చు కాల్షియము కూడ తగ్గిపోయినది. గాలి శుభ్రమగుటలో నేలకు రావలసిన జమలో కొంత కోతపడినది. నమూనాను రెండువేలనాటినుండి ముందునకు నడిపి చూచినవారు, చేసిన చట్టము చాలదు, కోత ఇంకను లోతుగా పోవలెను, పోయినను దశాబ్దములు పట్టునని చెప్పిరి. రాజకీయవేత్తలకు వినసొంపైన మాట కాదిది. కాని ముందుగా చెప్పిన మాట. అందులోనే దాని విలువ.

వర్జీనియాకొండలవైపు, ఇంకను దక్షిణమునకు పోయిన, కథ మఱొక మలుపు తిరుగును. అక్కడి ప్రాచీనమైన ఎఱ్ఱని నేలలలో ఇనుము, అల్యూమినియముల ఆక్సైడులు మెండు; అవి వచ్చిన సల్ఫేటును పట్టి దాచుకొనును. కనుక వాన పులిసిన దశాబ్దములలో వాగు చక్కగానే యుండెను, లోకము సంతోషించెను. వాన బాగుపడినప్పుడు ఆ నేల దాచిన సల్ఫేటును మెల్లమెల్లగా విడువసాగినది. అప్పు తీసికొన్న తండ్రి పోయిన తరువాత వడ్డీ కట్టుచున్న కొడుకువలె అక్కడి వాగులు తమ కాలమునాటివి కాని పొగలకు బదులు చెప్పుచున్నవి.

పోయిన కాల్షియమును మనిషియే తెచ్చి పోసిన నేమి? 1999 అక్టోబరులో హబ్బర్డ్ బ్రూకున 11.8 హెక్టార్ల లోయ యొకదానిపై హెలికాప్టరునుండి వోలాస్టనైటు అను కాల్షియము ఖనిజపు గుళికలను చల్లిరి. పోసినది పులుపువాన దోచిన కాల్షియమునకు ఇంచుమించు పరిహారము. ఆ అడవిలో చక్కెర మేపుల్ అను చెట్టున్నది. మన తాటికి ఈతకు గీసినట్లు దాని మ్రానునకు చిన్న తూటు పొడిచి, కాఱిన రసమును కాచి తీపి పాకము చేయుదురు. కాల్షియము కొఱతకు ముందుగా వాడునది ఆ చెట్టే. గుళికలు చల్లిన పదునైదేండ్లకు చూడగా, చల్లకుండ విడిచిన లోయకంటె అక్కడ కలప నూటికి 21 పాళ్లు, ఆకు 11 పాళ్లు అధికముగా పెరిగినవి. మేలే. కాని పదేండ్లు గడచునప్పటికి, ఎవ్వరును అనుకొననట్లు, ఆ లోయ వాగులో నత్రజని పొర్లసాగినది. పులుపు తగ్గిన మట్టిలో సూక్ష్మజీవులు చురుకెక్కి, ఏనాటినుండియో నిలువయున్న నత్రజనిని కదలించినవి. ఆ పద్దు చిట్టాలో లేదు.

లేని పద్దు ఇంకొకటి ఉండెను. యూరపు ఉత్తరమునను అమెరికా ఉత్తరమునను చెఱువులు, వాగులు మెల్లగా తేనీటిరంగునకు తిరుగుచున్నవని పలువురు గమనించిరి. 2007లో అచ్చయిన పరిశీలన 522 చెఱువుల, వాగుల కొలతలను ముందుంచి, వానలో సల్ఫేటు తగ్గుటయే ఇందులకు ముఖ్యకారణమని తేల్చినది. పులుపు నేలలో ఆకుకుళ్లు కరగక గట్టిపడి యుండెను; పులుపు తగ్గగానే మరల కరగి నీటికి రంగునిచ్చుచున్నది. త్రాగునీటిని శుద్ధిచేయు పట్టణములవారు ఈ రంగును చూచి విసుగుకొనుచున్నారు. పూర్వము ఆ చెఱువులకు ఆ రంగే యుండెనేమో యని శాస్త్రవేత్తలు వారిని ఓదార్చుచున్నారు.

మన దేశపు మాట అడుగుదురు. భారత వాతావరణశాఖ వాననీటిని దీర్ఘకాలముగా పరీక్షించు కొలదికేంద్రములలో మన విశాఖపట్టణము ఒకటి. మన గాలిలో సున్నపుపాలుగల ధూళి మెండుగా తేలుచుండుటచేత, బొగ్గుపొగ పులుపు చాలవఱకు మేఘములోనే చల్లారి, పెక్కుచోట్ల వాన పులియకుండ నేలకు దిగుచున్నది. మన మేడమీద ఆరవేసిన బట్టలను మాపు ఆ దుమ్మే ఇన్నాళ్లు మన అడవులకు కళాయి వేసినది. బాటలు బాగుపడి, దుమ్ము అణగి, పొగ మాత్రము అణగకున్న చిట్టా ఏ వైపునకు మొగ్గునో శ్రోతలే యూహింపగలరు. ఇనుము మెండుగానున్న మన లాటరైటు నేలలు వర్జీనియా నేలలవలె సల్ఫేటును దాచుకొను జాతివి. అవి దాచినన్నాళ్లు వాగును చూచి నేలను మెచ్చుకొనుట పొఱపాటగును.

వ్యవధి ముగియవచ్చినది; పూత మరల వచ్చుచున్నదా యన్న మొదటి ప్రశ్నకు మరలుదము. 2015లో అచ్చయిన పరిశీలనలో, అమెరికా ఈశాన్యము, కెనడా తూర్పుభాగములలో 27 చోట్ల, పూర్వము త్రవ్విన చోటులనే మరల త్రవ్వి మన్ను పోల్చిచూచిరి. పైనున్న ఆకుకుళ్లు పొరలో అల్యూమినియము తగ్గినది, కోలుకొను గుఱుతులున్నవి. క్రింది పొరలో అంతటి గుఱుతులు లేవు. కొన్నిచోట్ల అల్యూమినియము ఇంకను పెరిగినది. పైనుండి తొలగినది క్రిందికి దిగియుండవచ్చును. నమూనాలు ఆ క్రింది పొరకు 2100వఱకు పద్దులు వ్రాసియున్నవి, పెన్సిలుతో. సిరాతో దిద్దువారు ఇంకను పుట్టవలెను. హబ్బర్డ్ బ్రూకులో ఇప్పటికిని, ఎండకాలమైనను మంచుకాలమైనను, వారమునకొక్కమాఱు ఒకరు ఆ గండికడకు నడచిపోయి సీసా నింపుకొని వచ్చుచున్నారు.